కొత్త ఇంట్లో కోరంగి స్తంభం

రెండిళ్ల మధ్య ఊగిసలాడుతున్న సంపూర్ణమ్మను కిందటి వారం కంటికి కునుకు లేకుండా వదిలేసి వచ్చాం. ఆమె దిగులేమిటో తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు కింద, చెమ్మ ఊరే అద్దె గదిలో, ఆమె తొలిచూలు కొడుకు దగ్గి దగ్గి పోయాడు. ఇప్పుడు చంకనున్న పైడికి పది నెలలు. ఈ పిల్ల తుమ్మితే తల్లి గుండె జారిపోతుంది. మరో వానాకాలం ఆ గదిలో గడిపేది లేదని ఆమె మొండికేస్తే, బట్టల కొట్టు పెట్టి కాస్త నిలదొక్కుకున్న భర్త బుల్లియ్య సరేనన్నాడు. "ఇల్లు కొందాం. ఏ ఇల్లన్నది నీ ఇష్టమే" అన్నాడు. పెళ్లాంతో అంత మాటన్న మగవాణ్ణి ఆ వీధిలో ఎవరూ ఎరగరు. అందుకే సంపూర్ణమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుంది.

చూసిన ఇళ్లు రెండు. ఒకటి కంట్రాక్టరు జగన్నాథరావుగారు సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి వైశాఖానికల్లా పూర్తి చేయించిన పెంకుటిల్లు. గోడలు ఎత్తు, కిటికీలు పెద్దవి, పొద్దుటి ఎండ పడకింటి దాకా వస్తుంది. రెండోది వెనక వీధిలో రత్తమ్మగారి పాత ఇల్లు. గుమ్మం పొట్టి, లోపల చీకటి. కాని నూతిలో నీళ్లు కొబ్బరి నీళ్లలా ఉంటాయి. పైగా ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు పుట్టి ఆరుగురూ దక్కారు. పిల్లలు దక్కిన ఇల్లంటే సంపూర్ణమ్మ ప్రాణం లాగుతుంది. ఎండ వచ్చే ఇల్లన్నా లాగుతుంది. మొన్న రత్తమ్మగారింటికి వెళ్లినప్పుడు వెనక వసారాలోంచి రాట్నం చప్పుడూ, మధ్య మధ్య ఒక పొడి దగ్గూ వినిపించాయి. ఎవరో ముసలావిడ అద్దెకుంటోందట. "దగ్గే మనిషున్న ఇంట్లోకి నా పిల్లని తేలేనండీ. ముందు ఆవిణ్ణి పంపించెయ్యండి, అప్పుడు మాటాడుకుందాం" అని సంపూర్ణమ్మ తెగేసి చెప్పింది. లక్ష్మివారం లోపు పంపించేస్తానని రత్తమ్మగారు మాటిచ్చింది.

ఆ లక్ష్మివారం రానే వచ్చింది.

కొత్త ఇల్లు ఆఖరుసారి చూసి ఏదో ఒకటి తేల్చుకుందామని పొద్దెక్కాక అందరూ కలిసి వెళ్లారు. ముందు రోజు తుని నుంచి దిగిన అన్న చిట్టియ్య కూడా వెంట ఉన్నాడు. ఉప్పాడలో తండ్రి మగ్గం వదిలేసి, తుని సంతలో చీరల వ్యాపారం పెట్టుకున్న మనిషి. మాట తీపి. నవ్వితే చెవిపోగులు కూడా నవ్వుతాయి.

సంపూర్ణమ్మ ఒక్కో గదిలోకీ వెళ్లి గోడకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు నిలబడుతోంది.

"గోడలకి ముద్దులు పెట్టడానికొచ్చావా ఏంటి చెల్లీ?" అన్నాడు చిట్టియ్య.

"చెమ్మ తెలుస్తుందేమోనని."

"చెమ్మా! కరక్కాయ రసం, బెల్లం నీళ్లు పోసి తొక్కించిన సున్నం అది. గోదారి ఇంట్లోకొచ్చినా కాళ్లు కడుక్కుని వెళ్లిపోవాల్సిందే గాని గోడలో దూరలేదు."

"రత్తమ్మగారింట్లో ఆరుగురు పిల్లలూ బతికారట అన్నయ్యా."

"బతికారు, ఆ చీకటి భరించలేక ఆరుగురూ ఆరు ఊళ్లకి పారిపోయారు. నీకెందుకమ్మా ఆ పాత కొంప? ఒకళ్లు చచ్చిన చోట పడుకుని, ఒకళ్లు ఏడ్చిన చోట వండుకుని! కొత్త ఇల్లంటే పుట్టిన పిల్లతో సమానం. ఏ మరకా ఉండదు. ఏం బావా?"

బుల్లియ్య తల ఊపాడు. ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆయన ఎక్కువ మాట్లాడటం లేదు. ఇల్లు కొనడమంటే మగవాడికి బరువే కదా అనుకుని సంపూర్ణమ్మ పట్టించుకోలేదు.

ఆ పూట ఆమె మనసు కొత్త ఇంటివైపే మొగ్గింది. నడవలో నిలబడి, ఉయ్యాల ఏ దూలానికి కట్టాలా అని తలెత్తి చూసింది కూడా. నడవ మధ్యలో దూలాన్ని మోస్తూ ఒక లావుపాటి గుండ్రని స్తంభం ఉంది. నిండా ఆకుపచ్చ రంగు పూశారు. చిట్టియ్య వచ్చినప్పటి నుంచీ దానికే వీపు ఆనించి నిలబడ్డాడు. ఎండకు చోటు మారి ఆయన ఇవతలికి రాగానే, పైడి పాక్కుంటూ వెళ్లి ఆ స్తంభాన్ని పట్టుకుని లేచి నిలబడింది. తనంతట తాను నిలబడటం ఇంకా సరదా తీరని వయసు.

"చూడండి చూడండి, ఇంటిని మోసేస్తోంది మీ కూతురు" అని సంపూర్ణమ్మ నవ్వింది. నవ్వుతూనే పిల్ల దవడ కదలడం చూసింది.

తల్లి పరుగు ఎంత ఉంటుందో అంతా పరిగెత్తింది. పిల్ల నోట్లో వేలు పెట్టి గెలికితే ఎర్రటి గడ్డ ఒకటి బయటికొచ్చింది. పిల్ల ఆరున్నొక్క రాగం అందుకుంది. సంపూర్ణమ్మ ఆ గడ్డను ఎండలో పెట్టి చూసింది. లక్క. కర్రలో కన్నాలు పూడ్చేందుకు వాడే, రంపపు పొట్టు కలిపిన లక్క. ఒక పక్క ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది.

ఎక్కడి నుంచి ఊడిందా అని స్తంభం మీద చెయ్యి పెట్టింది.

మోకాలెత్తున వేలు లోపలికి జారింది.

అది పగులు కాదు. స్తంభం చుట్టూ వంకీ తిరిగిన గాడి. బొటనవేలు సరిగ్గా పట్టేంత వెడల్పు, అద్దంలా నున్నగా. ఆ నునుపు ఉలితో వచ్చేది కాదు. మిగిలిన లక్కను రాలుస్తూ సంపూర్ణమ్మ వేలు ఆ గాడి వెంట తనంతట తానే నడిచింది, చీకట్లో కూడా పుట్టింటి నడవలో అడుగు తడబడనట్టు.

గుంట మగ్గం నేసేవాళ్ల ఇళ్లలో పడుగును, అంటే నిలువు పోగులను, ఎదురు స్తంభానికి తాడుతో లాగి కడతారు. ఆ తాడు స్తంభం చుట్టూ తిరిగి, మళ్లీ నేసే మనిషి కుడిచేతి పక్కకు వస్తుంది. బట్ట నేసినకొద్దీ కూర్చున్నచోటి నుంచే తాడు వదులు చేసుకుంటాడు. వదిలినప్పుడల్లా తాడు కర్రను ఒరుసుకుంటుంది. తాత నేశాడు, తండ్రి నేశాడు. తండ్రి పోయాక అదే గుంటలో కాళ్లు పెట్టి తల్లి సూరమ్మ నేసింది. అలా పడిన గాడి అది. చిన్నప్పుడు గంజి వాసన మధ్య కూర్చుని, తాడు లేనప్పుడు ఆ గాడిలో వేలు పెట్టి గుండ్రంగా తిరగడం సంపూర్ణమ్మకు ఆట. ఇంకొక గుర్తు కూడా ఉండాలి. కోరంగి రేవులో విరగ్గొట్టిన ఓడ కలపలో తాత ఏరి తెచ్చుకున్న స్తంభం కాబట్టి, గాడికి జానెడు పైన పాత ఓడమేకు దిగిన కన్నం ఉండాలి.

పిల్లను చంకనెత్తుకుని, కొప్పులోంచి సూది తీసి, జానెడు పైన గీకింది. ఆకుపచ్చ రంగు రాలింది. లక్క రాలింది. కన్నం ఆమెకేసి చూసింది.

"ఏంటి చెల్లీ, కొత్త రంగంతా గీకేస్తున్నావు? కంట్రాక్టరుగారు చూస్తే..."

"ఈ స్తంభం ఎక్కడిది అన్నయ్యా?"

"ఎక్కడిదేంటి? కలప అడితీలో కొనుంటారు. తెప్పల మీద భద్రాచలం నుంచి వస్తుంది కదా."

"భద్రాచలం అడవిలో చెట్లు మగ్గాలు కూడా నేస్తాయా?"

చిట్టియ్య నవ్వబోయాడు. చెవిపోగులు మాత్రమే కదిలాయి.

"కార్తీకంలో తుఫానొచ్చింది, సముద్రం నాన్న ఇంటిని నాకేసింది అన్నావు. పుల్ల కూడా మిగల్లేదన్నావు, అమ్మని తునికి తెచ్చుకున్నానన్నావు. మా గుమ్మం దగ్గర కూలబడి ఏడ్చావు. నీ ఏడుపు చూసి నేను నా ఏడుపు మింగేసి నీకు మజ్జిగిచ్చాను."

"అది కాదమ్మా..."

"సముద్రం మింగిన స్తంభం గోదారి గట్టుకెలా వచ్చింది? ఈదుకుంటూ వచ్చి, రంగేసుకుని నిలబడిందా?"

ఆ మాటకు బుల్లియ్య నవ్వాలి. చిట్టియ్య మీద కోపమైనా రావాలి. కనీసం ఆ స్తంభంకేసి ఆశ్చర్యంగా చూడాలి. సంపూర్ణమ్మ భర్తవైపు తిరిగింది. ఆయన స్తంభంవైపు చూడటం లేదు. చిట్టియ్యవైపు చూస్తున్నాడు, కుండ బద్దలుకొట్టిన కుర్రాణ్ణి తోటి కుర్రాడు చూసినట్టు.

అంతే. ఆమె పిల్లను రెండో చంకకు మార్చుకుంది.

"మీకూ తెలుసు" అంది.

"సంపూర్ణం, ముందు కూర్చో."

"తెలుసా లేదా?"

"తెలుసు" అన్నాడు బుల్లియ్య. అబద్ధం ఆడటం చేతకాని మనిషే. దాచడం మాత్రం చేతనైంది. "తుఫాను మాట నిజమేనే. ఇల్లు మాత్రం నిలబడింది. సముద్రం వాకిటి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు తీసుకుపోయేదే. కలప విప్పి అమ్మేద్దామని మీ అన్న వచ్చి అడిగాడు. జగన్నాథరావుగారికి మంచి కలప కావాలన్నారు. ఇద్దర్నీ కలిపింది నేనే. సామర్లకోట కాలవ మీద పడవలో తెచ్చారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చంటిపిల్ల తల్లివి. పుట్టిల్లు విప్పేస్తున్నారంటే పాలు ఎండిపోతాయని భయపడ్డాను. సముద్రం తీసుకుపోయిందంటే దేవుణ్ణి తిట్టుకుని ఊరుకుంటావనుకున్నాం. ఆ తరవాత..." ఆయన గొంతు తగ్గింది. "ఆ తరవాత ఈ ఇల్లు నీకే కొందామనుకున్నాను. మీ నాన్న కలప కింద నువ్వుంటావు కదా అని. నీకు తెలియకపోయినా."

తిట్టే మనిషైతే తిరిగి తిట్టొచ్చు. కొట్టే మనిషైతే పుట్టింటికి పోవచ్చు. ఎదురుగా ఉన్నవాడు ప్రేమగా మోసం చేసినవాడు. పుట్టిల్లేమో నెత్తిమీద పెంకులు మోస్తూ ఇక్కడే నిలబడి ఉంది. ఎవరి మీద అలిగి ఎక్కడికి పోవాలి?

"ఏ ఇల్లు కావాలో నీ ఇష్టం అన్నారు మీరు. ఆ ఒక్క మాట పట్టుకుని నిద్ర మానేసి ఆలోచించాను. చెమ్మ ఎక్కడ, గాలి ఎటు, పిల్ల ఎటు తల పెట్టి పడుకుంటుంది... అన్నీ మీరు తేల్చేసి, నాతో ఆడుకున్నారా? చిన్నపిల్లకి రెండు గుప్పిళ్లు చూపించి, ఏది కావాలో చెప్పమన్నట్టు?"

"అయ్యో, అది కాదే..."

"చెల్లీ, బావనేమీ అనకు" అని చిట్టియ్య అడ్డం వచ్చాడు. "నేనేమన్నా తాగి తగలేశానా? అమ్మకి నీడ ఉండాలనే కదా చేశాను. తునిలో మా ఇంట్లో మహారాణిలా ఉంది. మూడు పూటలా..."

"సరే" అంది సంపూర్ణమ్మ.

ఇద్దరూ తెల్లబోయారు.

"సరే. ఈ ఇల్లే కొందాం. నాన్న స్తంభం ఉన్న ఇల్లు నాకు మాత్రం చేదా? కాని కొత్త పొయ్యి మీద పాలు నేను పొంగించను. అమ్మ పొంగించాలి. ఆ స్తంభం ఎదుట కూర్చుని బతుకంతా నేసిన మనిషి. నువ్వు రేపు పడవెక్కి అమ్మని తీసుకురా. ఆవిడ కుడికాలు గడప దాటాకే నేను దాటతాను."

"బాగుంది" అన్నాడు బుల్లియ్య. బరువు దిగినట్టు ఆయన ముఖం తేటపడింది. "చాలా బాగుంది. అత్తగారు వస్తే నాకూ కాళ్ల మీద పడే అవకాశం ఉంటుంది. ఏం బావా, రేపే బయల్దేరు."

చిట్టియ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ మెడ తుడుచుకున్నాడు.

"ఎండల్లో ముసలిమనిషి ప్రయాణం... శ్రావణంలో చూద్దాం."

"పడవకి గూడుంటుంది. ఎండ తగలదు" అంది చెల్లెలు.

"ఒంట్లో బాగుండటం లేదు."

"ఇప్పుడే మహారాణిలా ఉందన్నావు!" ఈ మాటన్నది బుల్లియ్య. ఆయన గొంతు మారింది. "ఏంరా చిట్టియ్యా? ఉగాదికి అత్తగారికని చీరిచ్చాను. దగ్గుందంటే మిరియాలూ శొంఠీ కట్టిచ్చాను. పుచ్చుకుని దణ్ణం పెట్టిందన్నావు. ఆవిడ తునిలో ఉందా, లేదా?"

బావా అనే వావి పోయి రా అనే పిలుపు వచ్చేసరికి చిట్టియ్య నేలమీద చతికిలబడ్డాడు. గడుసుతనమంతా గాలి తీసిన తిత్తిలా అయిపోయింది.

"లేదు" అన్నాడు. "తునికి రానేలేదు."

పైడి ఏడుపు మానేసి మేనమామను వింతగా చూస్తోంది.

"వడ్రంగులు వచ్చిన రోజు అమ్మ ఆ స్తంభాన్ని కావలించుకుని కూర్చుంది. పొద్దున్నుంచి మధ్యాన్నం దాకా. కూలీలు నవ్వుతున్నారు. పడవవాడు వెళ్లిపోతానంటున్నాడు. నేనేం చెప్పినా వినలేదు. సముద్రం నన్నూ తీసుకుపోనీ అంది. అప్పుడు..."

"అప్పుడు?"

"నీ పేరు చెప్పాను."

"నా పేరా?"

"సంపూర్ణం ఇల్లు కట్టుకుంటోందే, కలప తనే అడుగుతోంది, పీకి పంపించమంది, అన్నాను. అంతే చెల్లీ. అంతవరకూ ఎవరు లాగినా రాని చెయ్యి దానంతటదే ఊడొచ్చింది."

బయట ఎవరో బండి తోలుకుంటూ పోతున్నారు. ఎద్దుల మెడలో గంటలు వీధి చివరిదాకా వినిపించాయి.

"అమ్మ ఏమంది?" అంది సంపూర్ణమ్మ.

"ఏమీ అనలేదు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. కత్తి తెచ్చి, పడుగు కోసేసింది."

సంపూర్ణమ్మ చెవులు మూసుకోబోయి, చంకలో పిల్ల ఉండి మూసుకోలేకపోయింది. ఎత్తిన పడుగు దించేదాకా నేయాలి. ఇంట్లో శవం లేచినా, మైల తీరాక అదే పోగు దగ్గర అందుకుని పూర్తి చేస్తారు. సగంలో కత్తి పెట్టడమంటే ఆ వంశంలో ఇక నేసేవాళ్లు లేరని నోటితో చెప్పడమే. నాన్న పోయిన రోజున కూడా తల్లి ఆ పని చేయలేదు.

"ఆ ముక్క మడత పెట్టి చంకన పెట్టుకుంది. రాట్నం నెత్తిన పెట్టుకుంది. ఎక్కడికే అమ్మా అని వెంట పడ్డాను. కూతురింటికి, అంది. నీ దగ్గరికి రాలేదని నాకు తరవాతెప్పుడో తెలిసింది. అప్పటికి నోరు విప్పే ధైర్యం పోయింది."

రాట్నం నెత్తిన పెట్టుకుంది.

సంపూర్ణమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆ తరవాత చిట్టియ్య ఏం చెప్పాడో, బుల్లియ్య ఎత్తిన చెయ్యి దిగిందో లేదో ఆమెకు తెలియదు. మొన్న రత్తమ్మగారి నడవలో నిలబడి తను మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు వెనక వసారాలో రాట్నం తిరుగుతోంది. రాజమహేంద్రవరంలో రాట్నం లేని వీధి ఏది? పట్టించుకోలేదు. "దగ్గే మనిషున్న ఇంట్లోకి నా పిల్లని తేలేను, పంపించెయ్యండి" అని గట్టిగా, తడికకు అవతల కూడా వినపడాలనే అంది. ఆ మాట పూర్తయ్యేసరికి రాట్నం ఆగిపోయింది. వాళ్లు గుమ్మం దాటేదాకా మళ్లీ తిరగలేదు.

ఇవాళ లక్ష్మివారం.

"సంపూర్ణం! ఎక్కడికే? ఎండలో పిల్లతో..."

ఎండ అని ఆమెకు తోచలేదు. పిల్ల తల మీద కొంగు కప్పాలని కూడా, అంత భయస్తురాలికి, తోచలేదు. కొత్త ఇంటి గుమ్మం దాటి, సందు తిరిగి, వెనక వీధిలోకి పరిగెత్తింది. రత్తమ్మగారి పొట్టి గుమ్మం నుదుటికి తగిలినా ఆగలేదు.

వెనక వసారాలో తడిక తీసి పక్కన పెట్టి ఉంది. నేల మీద అప్పుడే చల్లిన పేడనీళ్లు ఇంకా ఇంకలేదు. రత్తమ్మగారు చీపురు పట్టుకుని నడుం నిలబెట్టింది.

"వచ్చావా అమ్మాయ్? నువ్వు చెప్పినట్టే చేశాను. ఇప్పుడే పంపించేశాను. పాపం, నన్ను ఎదిరించి ఒక్క మాటనలేదు. మొన్న మీరొచ్చి వెళ్లినప్పటి నుంచీ రాట్నం కూడా ముట్టుకోలేదు." ఆవిడ గూట్లోంచి ఒక మడత తీసింది. "ఇది మాత్రం ఇచ్చింది. ఈ ఇంటికి రాబోయే పిల్లకి ఉయ్యాల కట్టమంది."

తెల్లటి నేత. మామిడి పిందెల అంచు. చిన్నప్పుడు సంపూర్ణమ్మ నూలు కండెలు చుట్టి అందిస్తే తల్లి నేసిన అంచు. నేత సగం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి కోసిన పడుగు పోగులు జుట్టులా వేలాడుతున్నాయి. పైడి చెయ్యి చాచి వాటిని గుప్పిట పట్టుకుంది.

రత్తమ్మగారు తల్లినీ పిల్లనీ మార్చి మార్చి చూసింది. చీపురు గోడకు ఆనించింది.

"పడవల రేవు వైపు వెళ్లింది. ఇంకా ఎక్కి ఉండదు" అని, గొంతు తగ్గించి అడిగింది. "ఆవిడ నీకేమవుతుందే అమ్మాయ్?"